నగరోద్యానంలో స్పందనశీల సాంకేతికత: సైదాబాద్ పరిసరాల నేపథ్యంలో రూపకల్పన సూత్రాలు

వ్యాససంగ్రహం:

నగరోద్యానానికి వచ్చే సందర్శకుల అనుభవాన్ని సుసంపన్నం చేసేందుకు సాంకేతిక సాధనాలను ఏ విధంగా రూపొందించాలన్నది ఈ వ్యాసంలోని ప్రధానాంశం. హైదరాబాదు పాతబస్తీ తూర్పు అంచున ఉన్న సైదాబాద్, దాని ఇరుగుపొరుగు ప్రాంతాలు ఇందుకు క్షేత్రం. ఉద్యానంలో అమర్చిన సాధనం సందర్శకుని చూపును తెర మీద నిలిపి ఉంచక, తిరిగి చెట్టు వైపు, చోటు వైపు, పక్కనున్న మనిషి వైపు మళ్ళించినప్పుడే సార్థకమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ ప్రతిపాదనను సిద్ధాంతాలు, ఇతర ప్రాంతాల అనుభవాలు, స్థానిక చరిత్ర, భాషావైవిధ్యం, గోప్యత, నిర్వహణ అనే కోణాల నుండి వివరిస్తుంది.

కీలకపదాలు: నగరోద్యానం, స్పందనశీల సాంకేతికత, సందర్శకానుభవం, సైదాబాద్, మౌఖిక చరిత్ర, క్యూఆర్ కోడ్, గోప్యత.

1. ఉపోద్ఘాతం:

నగరవాసికి ఉద్యానంతో రెండు అవసరాలున్నాయి. పచ్చదనం, గాలి, నడక మొదటి అవసరం. ఏమీ కొనకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా కాసేపు కూర్చోగలిగే చోటు రెండవ అవసరం. ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకొని ఉండే సైదాబాద్, సంతోష్‌నగర్, చంపాపేట, మలక్‌పేట వంటి ప్రాంతాలలో ఈ రెండవ అవసరం మరింత బలమైనది. అక్కడి కాలనీ పార్కు ఉదయం పెద్దలకు నడకదారి, మధ్యాహ్నం శ్రామికులకు నీడ, సాయంత్రం పిల్లలకు ఆటస్థలం. ఇటువంటి చోట్లను కాపాడడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పార్కులు, క్రీడాస్థలాలు, ఖాళీస్థలాల పరిరక్షణ చట్టం 1985లో వచ్చింది.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ఆర్బర్ డే ఫౌండేషన్ కలిసి ఇచ్చే 'ప్రపంచ వృక్షనగరం' గుర్తింపు 2020 సంవత్సరానికి హైదరాబాదుకు లభించింది. నాటిన మొక్కలు, పెంచిన పచ్చదనం ఇటువంటి గుర్తింపులలో లెక్కకు వస్తాయి. చెట్టుకూ మనిషికీ మధ్య ఉన్న పరిచయం ఏ లెక్కకూ రాదు. రోజూ ఒకే చెట్టు కింద నడిచేవారికి ఆ చెట్టు పేరు తెలియకపోవచ్చు. పేరు తెలిసిన పెద్దలకు దానిని చెప్పే సందర్భం రాకపోవచ్చు. ఈ ఖాళీని పూరించడంలో సాంకేతికత పాత్ర ఏమిటన్న ప్రశ్న ఇక్కడి నుండే మొదలవుతుంది.

2. స్పందనశీల సాంకేతికత: భావన, సిద్ధాంత నేపథ్యం:

సందర్శకుడు చేసిన పనికి బదులుగా ఏదో ఒకటి చెప్పే, చూపే, వినిపించే సాధనాన్ని స్పందనశీలమైనదిగా భావించవచ్చు. ఈ నిర్వచనం ప్రదర్శనకూ స్పందనకూ ఉన్న భేదాన్ని స్పష్టం చేస్తుంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న లుంబినీ పార్కులోని లేజర్ ప్రదర్శన సాంకేతికంగా ఘనమైనదే. కాని అక్కడ ప్రేక్షకుడు కూర్చొని చూస్తాడు. అతడు వచ్చినా రాకపోయినా ప్రదర్శన మారదు. స్పందనశీల సాధనంలో సందర్శకుని కదలిక, ప్రశ్న, జ్ఞాపకం కూడా అనుభవంలో భాగమవుతాయి. ఖర్చుతో నిమిత్తం లేకుండా చిన్న ఫలకం కూడా ఈ పని చేయగలదు.

ఈ రంగానికి ఆధారమైన ఆలోచనలలో మార్క్ వైజర్ 1991లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో ప్రచురించిన వ్యాసం ముఖ్యమైనది. కంప్యూటరు పరిసరాలలో కలిసిపోయి, మనిషి దృష్టిని తనవైపు లాక్కోకుండా పనిచేయాలన్నది దాని సారాంశం. తరువాత ఆయన, జాన్ సీలీ బ్రౌన్ కలిసి దీనిని 'ప్రశాంత సాంకేతికత' అనే భావనగా విస్తరించారు. ఉద్యానానికి ఈ భావన ఎందుకు తగినదో పర్యావరణ మనస్తత్వశాస్త్రం వివరిస్తుంది. రేచల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్‌లు 1989 నాటి గ్రంథంలో ప్రకృతికి ఉన్న 'మృదువైన ఆకర్షణ'ను వివరించారు. ఆకుల కదలిక, నీటి మెరుపు, పక్షుల సందడి ప్రయాస లేకుండానే మనసును నిలుపుతాయి. ఆ సమయంలో పనిఒత్తిడితో అలసిన అవధానశక్తి తేరుకుంటుంది. రోజర్ ఉల్రిచ్ 1984లో 'సైన్స్' పత్రికలో వెలువరించిన అధ్యయనం కూడా ఈ దిశలోనే సాగింది. పిత్తాశయ శస్త్రచికిత్స అయిన రోగులలో కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుకగోడ కనిపించినవారి కంటే త్వరగా ఇల్లు చేరారని ఆయన చూపాడు.

ఈ సిద్ధాంతాల నుండి ఒక హెచ్చరిక కూడా వస్తుంది. అలసిన అవధానశక్తి తేరుకునే చోట మళ్ళీ అవధానాన్ని కోరే తెరను నిలబెడితే, ఉద్యానం తన ముఖ్యప్రయోజనాన్నే కోల్పోతుంది. గంటలు మోగించే యాప్, మెరిసే పలక, పాయింట్లు లెక్కపెట్టే ఆట సందర్శకులను రప్పించవచ్చు. వారు ఉద్యానాన్ని చూశారని మాత్రం చెప్పలేము.

3. సందర్శకుడు ఎవరు?:

ప్రదర్శనశాలల సందర్శకులపై పరిశోధించిన జాన్ ఫాక్, లిన్ డియర్కింగ్‌లు సందర్శకానుభవాన్ని వ్యక్తిగత, సామాజిక, భౌతిక సందర్భాల కలయికగా వివరించారు. సైదాబాద్ పరిసరాలకు ఈ చట్రాన్ని అన్వయిస్తే రూపకల్పనకు కావలసిన తొలి సమాచారం లభిస్తుంది.

వ్యక్తిగత సందర్భంలో మొదట చూడవలసినది పునరాగమనం. పర్యాటక ఉద్యానానికి సందర్శకుడు జీవితంలో ఒకసారి రావచ్చు. కాలనీ పార్కుకు వచ్చేవారు రోజూ వస్తారు. మొదటిరోజు ఆసక్తిగా విన్న రెండు నిమిషాల వివరణ పదవరోజున విసుగు పుట్టిస్తుంది. కాబట్టి రుతువును బట్టి, రోజులోని వేళను బట్టి మారే విషయం అవసరం. పూత, కాయ, ఆకురాలుట, కొత్త చిగురు ఈ మార్పును సహజంగానే అందిస్తాయి.

సామాజిక సందర్భంలో, ఇక్కడి సందర్శకులు ఒంటరిగా కంటే గుంపుగా ఎక్కువగా వస్తారు. అమ్మమ్మ, తల్లి, ఇద్దరు పిల్లలు కలిసి వచ్చినప్పుడు వారి మధ్య ఒకే ఫోను ఉండవచ్చు. చెవిలో పెట్టుకొని వినే సాధనం వారిని విడదీస్తుంది. ఒకరు విని మిగతావారికి చెప్పే అవకాశమిచ్చే సాధనం వారిని కలుపుతుంది. స్త్రీల ఉనికి కూడా ప్రత్యేకంగా గమనించదగినది. న్యూయార్కు నగరంలోని బహిరంగ స్థలాలను పరిశీలించిన విలియం వైట్, బాగా నడిచే చోట్లలో స్త్రీల నిష్పత్తి సగటు కంటే ఎక్కువగా ఉంటుందని 1980 నాటి గ్రంథంలో పేర్కొన్నాడు. సాధనాన్ని వెలుతురు లేని మూలలో, మనుషులు తిరగని దారిలో అమర్చితే అది సగం మంది సందర్శకులకు అందనట్లే.

భౌతిక సందర్భంలో ఎండ, వాన, దుమ్ము, చప్పుడు ప్రధానాంశాలు. నేరుగా పడే ఎండ తీవ్రత సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. ఆ వెలుగులో ఫోను తెర మీది అక్షరాలు, ముఖ్యంగా వృద్ధులకు, కనిపించవు. అదే విషయం స్వరరూపంలో ఉంటే కంటికి శ్రమ ఉండదు; చూపు చెట్టు మీదే ఉంటుంది.

4. స్థానిక స్మృతి: రెండు ఉదాహరణలు:

సాధనం ఎంత సమర్థమైనదైనా అది చెప్పేందుకు విషయం ఉండాలి. ప్రకృతి, చారిత్రక స్థలాల వ్యాఖ్యానంపై 1957లో గ్రంథం రాసిన ఫ్రీమన్ టిల్డెన్, వ్యాఖ్యానం లక్ష్యం బోధించడం కంటే ఆలోచనను రేకెత్తించడమని భావించాడు. సైదాబాద్ చుట్టుపక్కల అటువంటి ఆలోచనను రేకెత్తించే చోట్లకు కొరత లేదు. ఈ ప్రాంతం పేరునే ముహమ్మద్ కులీ కుతుబ్‌షాకు పీష్వాగా పనిచేసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీతో ముడిపెట్టి చెబుతారు.

మొదటి ఉదాహరణ సైదాబాద్ పొరుగునే అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉన్న రేమండ్ సమాధి. నిజాం అలీ ఖాన్ కొలువులో సేనానిగా పనిచేసిన ఫ్రెంచి వ్యక్తి మిషెల్ జోయాకిమ్ మారీ రేమండ్ 1798 మార్చి 25న మరణించాడు. విశాలమైన వేదిక, సుమారు 23 అడుగుల ఎత్తున్న రాతిస్తంభం, స్తంభాల మండపం అక్కడి నిర్మాణాలు. 2001లో కూలిపోయిన మండపాన్ని తరువాత తిరిగి నిర్మించారు. ఈ కట్టడం కంటే ఆసక్తికరమైనది పేరు ప్రయాణం. రేమండ్‌ను ముస్లింలు 'మూసా రహీం' అని, హిందువులు 'మూసా రాం' అని పిలుచుకున్నారని లోకంలో ప్రసిద్ధి. ఆ పిలుపే మూసారాంబాగ్‌గా నిలిచి, నేడు మెట్రో స్టేషను పేరుగా ప్రతిరోజూ వినిపిస్తోంది. ఒకే మనిషిని రెండు సమాజాలు తమ తమ నోటికి దగ్గరగా మలచుకున్న ఈ వృత్తాంతం స్పందనశీల వ్యాఖ్యానానికి తగిన వస్తువు. "మీ ఇంట్లో ఈ చోటును ఏమని పిలుస్తారు?" అన్న ఒక్క ప్రశ్న సందర్శకుని శ్రోత స్థానం నుండి వక్త స్థానానికి తీసుకువస్తుంది.

రెండవ ఉదాహరణ మూసీ ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో దాదాపు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. ఆ రోజున ఈ చెట్టును పట్టుకొని సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ వరదలోనే ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురిని కోల్పోయాడు. ఆ తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల నిర్మాణం జరిగింది. ఏటా సెప్టెంబరు 28న నగరంలోని పౌరసమాజ ప్రతినిధులు ఆ చెట్టు కింద చేరి మృతులను స్మరిస్తారు. మిగిలిన రోజులలో ఆసుపత్రికి వచ్చిన రోగుల బంధువులు ఆ నీడలోనే కూర్చుంటారు. వారిలో ఎందరికి ఆ కొమ్మల కథ తెలుసునన్నదే ఉద్యాన వ్యాఖ్యానానికి అసలు ప్రశ్న.

5. ఇతర ప్రాంతాల అనుభవాలు:

స్థానిక స్మృతిని సాధనంతో కలపడానికి ఇతర చోట్ల జరిగిన ప్రయత్నాలలో నాలుగు పరిశీలించదగినవి.

అ) ఆంబియెంట్ వుడ్: ఇంగ్లండులో ఇవాన్ రోజర్స్ మొదలైన పరిశోధకులు 2000 దశకం తొలినాళ్ళలో ఒక అడవిని ప్రయోగక్షేత్రంగా మలిచారు. పిల్లలు జంటలుగా తిరుగుతూ వెలుతురును, తేమను కొలిచారు. దాచి ఉంచిన పరికరాల నుండి ప్రకృతిలో సాధారణంగా వినిపించని ప్రక్రియల ధ్వనులు విన్నారు. పిల్లలు తాము కొలిచినదాని గురించి పరస్పరం మాట్లాడుకోవడమే ఇందులో విలువైన ఫలితం.

ఆ) మెల్‌బోర్న్ చెట్ల చిరునామాలు: ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరపాలక సంస్థ 2013లో ఒక్కొక్క చెట్టుకు గుర్తింపు సంఖ్యను, ఈమెయిలు చిరునామాను ఇచ్చింది. విరిగిన కొమ్మల గురించి ఫిర్యాదు చేయడం దాని ఉద్దేశం. ప్రజలు చెట్లకు ప్రేమలేఖలు రాశారు. అవకాశమిస్తే సందర్శకుడు రూపకర్త ఊహను దాటి వెళ్తాడనడానికి ఇది నిదర్శనం.

ఇ) హలో ల్యాంప్ పోస్ట్: ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో 2013లో మొదలైన ఈ ప్రయోగంలో వీధిదీపం, తపాలాపెట్టె వంటి వాటిపై అప్పటికే ఉన్న సంఖ్యను టైపు చేసి ఎస్సెమ్మెస్ పంపితే ఆ వస్తువు ప్రశ్న అడిగేది. కొత్త పరికరాన్ని అమర్చకుండా, సాధారణ ఫోనుతోనే సంభాషణ సాధ్యమైంది.

ఈ) కనకకున్ను: తిరువనంతపురంలోని కనకకున్ను ప్రాసాద ఉద్యానంలో 2018లో చెట్లకు క్యూఆర్ కోడ్‌లు అమర్చారు. చెట్టు శాస్త్రీయనామం, లక్షణాలు, ఉపయోగాలు ఫోనులో కనిపిస్తాయి. సమాచారం చేరవేతకు ఇది మేలైన మార్గం. అయితే సందర్శకుడు తిరిగి చెప్పేదానికి చోటు కల్పించడం దాని తరువాతి మెట్టు.

6. సాధనాల ఎంపిక:

చిన్న కాలనీ పార్కుకు ఏ సాధనం సరిపోతుందో దాని పనితీరును బట్టి నిర్ణయించాలి.

6.1 జీపీఎస్: బహిరంగ ఆకాశం కింద స్మార్ట్‌ఫోను స్థాననిర్ణయంలో దోషం దాదాపు 5 మీటర్లు, కొమ్మల కింద, భవనాల పక్కన ఇంకా పెరుగుతుంది. పెద్ద అభయారణ్యంలో ఇది సమస్య కాదు. చెట్లు దగ్గరదగ్గరగా ఉండే కాలనీ పార్కులో మాత్రం వేపచెట్టు ముందు నిలబడినవారికి కానుగ కథ వినిపించే ప్రమాదముంది.

6.2 క్యూఆర్ కోడ్: జపానుకు చెందిన డెన్సో వేవ్ సంస్థ దీనిని 1994లో రూపొందించింది. అత్యున్నత దోషసవరణ స్థాయిలో ముద్రిస్తే కోడ్‌లో దాదాపు 30 శాతం చెరిగిపోయినా ఫోను చదవగలదు. 2016లో యూపీఐ వచ్చిన తరువాత కూరగాయల బండి దగ్గర, చాయ్ హోటల్లో దీని వాడకం అందరికీ అలవాటైంది. కనుక నేర్పవలసిన పని తక్కువ. అయితే అసలు కోడ్ మీద మోసపు స్టిక్కరు అతికించే అవకాశం ఉన్నందున, కాగితం బదులు లోహఫలకంపై చెక్కించడం, పక్కనే "ఇక్కడ డబ్బు చెల్లించే పని లేదు" అని రాయడం అవసరం.

6.3 స్వరసేవ: స్మార్ట్‌ఫోను లేనివారికి, చదువు రానివారికి ఇది ప్రధానమార్గం. ఫలకంపై ఉన్న సంఖ్యకు మిస్డ్ కాల్ ఇస్తే వ్యవస్థ తిరిగి ఫోను చేసి వివరణ వినిపిస్తుంది. ఆపైన సందర్శకుని మాటను నమోదు చేసుకుంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర ఇటువంటి స్వరవేదిక ద్వారా గ్రామీణుల మాటను వార్తగా మలిచింది. అదే పద్ధతి ఉద్యాన స్మృతులకూ వర్తిస్తుంది.

6.4 విద్యుత్తు అవసరం లేని సాధనాలు: తిప్పే పలక, తెరిస్తే జవాబు కనిపించే మూత, తాకి గుర్తించే బెరడు నమూనా కూడా స్పందనశీల సాధనాలే. చూపులేనివారికి తాకే నమూనా, బ్రెయిలీ ఫలకం తప్పనిసరి.

7. భాష: అనువాదం సరిపోదు:

సైదాబాద్ పరిసరాలలో తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఆంగ్లం పక్కపక్కనే వినిపిస్తాయి. ఒక భాషలో రాసి మిగతా భాషలలోకి యథాతథంగా మార్చే పద్ధతి ఇక్కడ ఫలించదు. చింత, ఇమ్లీ, రావి, పీపల్, నేరేడు, జామున్, సీతాఫలం, షరీఫా ఒకే చెట్టుకు చెందిన పేర్లు అయినా, వాటి వెనుక ఉన్న వంటలు, నమ్మకాలు, ఆటలు వేరు. చింతచిగురు పప్పు గురించి తెలుగులో చెప్పిన చోట, దక్కనీలో ఖట్టీ దాల్ ప్రస్తావన సహజంగా ఉంటుంది. ఆంగ్లంలోని 'టామరిండ్' అన్న మాటకు మూలం 'భారతదేశపు ఖర్జూరం' అనే అర్థమిచ్చే అరబ్బీ పదం. వృక్షశాస్త్రజ్ఞులు ఈ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అని చెబుతారు. ఆఫ్రికాలో పుట్టి, అరబ్బుల నోట భారతీయమై, తెలుగువారి పులుసులో చేరిన చెట్టు కథను మూడు భాషలలో మూడు ద్వారాల నుండి మొదలుపెట్టవచ్చు. ఏ ద్వారం నుండి వచ్చినా శ్రోత చేరేది అదే నీడలోకి.

రాత విషయంలో ఉర్దూను నస్తాలిఖ్ లిపిలో, పెద్ద అక్షరాలతో ఇవ్వాలి. స్వర విషయంలో యంత్రస్వరం కంటే ఆ బస్తీ పెద్దల గొంతే మేలు. పరిచితమైన యాసలో విన్నప్పుడు శ్రోతకు తన మాట కూడా చెప్పదగినదేనన్న ధైర్యం కలుగుతుంది.

8. ఒక నమూనా రూపకల్పన:

పై చర్చ ఆధారంగా సైదాబాద్‌లోని సాధారణ కాలనీ పార్కుకు నాలుగు అంశాల నమూనాను ప్రతిపాదించవచ్చు.

1. పలికే చెట్టు: పార్కులోని అయిదారు చెట్లకు మాత్రమే లోహఫలకాలు అమర్చాలి. ఒక్కొక్క వివరణ 90 సెకన్లకు మించరాదు. అది సమాచారంతో కాక ఒక పనితో మొదలు కావాలి. "బెరడును అరచేత్తో తాకి చూడండి", "తలెత్తి కొమ్మల మధ్య ఆకాశాన్ని చూడండి" వంటి వాక్యం ఫోనును జేబులోకి పంపుతుంది. చింత, నిద్రగన్నేరు ఆకులు రాత్రివేళ ముడుచుకుంటాయి. "సాయంత్రం మళ్ళీ వచ్చి ఈ ఆకులను చూడండి" అని ముగించిన వివరణ సందర్శకునికి పునరాగమన కారణాన్ని ఇస్తుంది.

2. జ్ఞాపకాల బెంచీ: బెంచీకి బిగించిన ఫలకం మీది సంఖ్యకు మిస్డ్ కాల్ ఇస్తే ఆ బస్తీవారు చెప్పిన ఒక జ్ఞాపకం వినిపిస్తుంది; వినినవారు తమ జ్ఞాపకాన్ని చేర్చవచ్చు. నమోదైన ప్రతి మాటనూ నియమిత బృందం విన్న తరువాతే ప్రసారం చేయాలి. లేనిపక్షంలో ద్వేషపూరితమైన ఒక్క మాట మొత్తం ప్రయోగాన్ని దెబ్బతీస్తుంది.

3. నీటిగుర్తు స్తంభం: 1908 వరద చరిత్ర అయితే, 2020 అక్టోబరు 13, 14 తేదీల వర్షాలు పాతబస్తీ వాసులకు స్వానుభవం. ఆయా ఇళ్ళలో నీరు నిలిచిన ఎత్తులను స్థానికుల నుండి, అధికారిక నమోదుల నుండి సేకరించి ఒక రాతిస్తంభంపై గీతలుగా చెక్కవచ్చు. పిల్లవాడు తన ఎత్తును ఆ గీతతో పోల్చుకోవడమే ఇక్కడి స్పందన. దీనికి విద్యుత్తు అక్కర్లేదు. అయితే నాలాను పూడ్చకూడదన్న విషయాన్ని ఏ ఉపన్యాసం కంటే ఇది బలంగా చెబుతుంది.

4. పిల్లల దారి: ఆకు ఆకారం, కాయ గలగల, చీమల బారు వంటి వాటిని వెతికే ప్రశ్నల వరుస ఇది. నలుగురికి ఒక ఫోను చాలు. జవాబును ఫోను చెప్పదు. తోటమాలిని గాని, నడకకు వచ్చిన పెద్దలను గాని అడగమని సూచిస్తుంది. తోటమాలికి దీనివల్ల గురుస్థానం దక్కుతుంది.

9. గోప్యత, నిఘా:

ఉద్యానంలో అమర్చే సాధనం సందర్శకునికి సమాచారమిస్తూనే సందర్శకుని గురించి సమాచారం సేకరించగలదు. పాతబస్తీ నేపథ్యంలో ఈ అంశాన్ని తేలికగా తీసుకోరాదు. పోలీసుల ముఖగుర్తింపు సాంకేతికతను ప్రశ్నిస్తూ పాతబస్తీకి చెందిన సామాజిక కార్యకర్త వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు నోటీసు జారీ చేసింది. అదే సమయంలో, 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో లేజర్ ప్రదర్శన వేళ జరిగిన బాంబు పేలుడు ఉద్యానాలలో భద్రత ఎందుకు అవసరమో గుర్తుచేస్తుంది. భద్రతకోసం ఉన్న కెమెరా, కథచెప్పే సాధనం వేర్వేరు వ్యవస్థలుగా ఉండాలి. కథ వినడానికి వచ్చినవారి ముఖం, ఫోను నంబరు మరో పనికి వాడబడతాయన్న అనుమానం కలిగితే మొదట దూరమయ్యేది స్త్రీలు, యువకులు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతిని కోరుతుంది. పిల్లల ప్రవర్తనను వెన్నాడి గమనించడాన్ని నిషేధిస్తుంది. ఈ షరతులకు ఉత్తమ పరిష్కారం రూపకల్పనలోనే ఉంది. పేరు, లాగిన్, స్థానవివరాలు అడగని సాధనంలో కాపాడవలసిన సమాచారమే తక్కువ. జ్ఞాపకాల నమోదులో మాత్రం సమ్మతిని మాటల్లోనే అడిగి, తొలగించమని కోరే మార్గాన్ని కూడా చెప్పాలి.

10. నిర్వహణ, మూల్యాంకనం:

బహిరంగ స్థలంలోని సాంకేతికత ప్రారంభోత్సవం నాడు కాక, రెండవ వానాకాలంలో పరీక్షకు నిలుస్తుంది. పనిచేయని తెర పార్కు పట్ల నిర్లక్ష్యానికి గుర్తుగా మిగులుతుంది. కనుక మూడు జాగ్రత్తలు అవసరం. ఒకటి, కోడ్‌లోని చిరునామా స్థిరమైన సంస్థ పేరున ఉండాలి. గడువు తీరిన వెబ్ చిరునామాను ఇతరులు కొనుగోలు చేస్తే అదే ఫలకం సందర్శకుని అవాంఛనీయమైన చోటికి తీసుకుపోతుంది. రెండు, ఫలకాల పరిశీలన తోటమాలి, కాలనీ సంక్షేమ సంఘం నెలవారీ పనిలో భాగం కావాలి. మూడు, సాధనం పాడైనా ఫలకంపై చెక్కిన నాలుగు వాక్యాలు చెట్టు గురించి చెప్పగలగాలి.

మూల్యాంకనంలో స్కాన్‌ల సంఖ్యను విజయానికి కొలమానంగా తీసుకోవడం సులభమే గాని అది దారి తప్పిస్తుంది. ఫోను జేబులో పెట్టిన తరువాత సందర్శకుడు ఏం చేశాడన్నదే అసలు కొలమానం. చెట్టును ఎంతసేపు చూశాడు, తాకాడా, పక్కవారితో మాట్లాడాడా, వారం తరువాత తిరిగి వచ్చాడా అన్న వివరాలను పరిశీలనాపత్రంలో నమోదు చేయవచ్చు. సాధనం అమర్చడానికి ముందు, తరువాత ఒకే వేళల్లో స్త్రీలు, వృద్ధులు, పిల్లల నిష్పత్తిని పోల్చవచ్చు. వ్యక్తుల పేర్లు, ఫొటోలు లేకుండానే ఈ పరిశీలన సాధ్యం.

11. ముగింపు:

ఉద్యాన సాంకేతికతలో అరుదైన వనరు పరికరం కాదు, చెప్పదగిన విషయం. క్యూఆర్ ఫలకాన్ని ఎక్కడైనా చేయించవచ్చు. మూసారాంబాగ్ పేరును తాతల నోట ఎలా విన్నారో, 2020 అక్టోబరు రాత్రి నీరు ఏ మెట్టు దాకా వచ్చిందో, పార్కు మూలనున్న నేరేడుచెట్టును ఎవరు నాటారో సేకరించకపోతే ఆ తరంతోనే అవి పోతాయి. ఈ సేకరణ కంప్యూటరు విభాగం ఒక్కటే చేయగల పని కాదు. తెలుగు, ఉర్దూ, చరిత్ర, వృక్షశాస్త్ర విభాగాల అధ్యాపకులు, పరిశోధకవిద్యార్థులు కలిసి చేయవలసిన క్షేత్రకార్యం. ఒక కళాశాల తన సమీపంలోని ఒక్క పార్కును ఎంచుకొని, అయిదు చెట్ల పేర్లను రెండు భాషలలో, పదిమంది పెద్దల జ్ఞాపకాలను వారి గొంతులో నమోదు చేస్తే రూపకల్పనలో కష్టమైన సగభాగం పూర్తయినట్లే. మిగిలిన సగాన్ని సాంకేతికత సులభంగా భరించగలదు.